మాటలతో నాడెడి యాట

అమెరికా దేశమున నొక గ్రంథాలయములో, బడి విడిచిన పిమ్మట, నలుగురు బాలురును ఒక బాలికయు నొక బల్ల చుట్టు కూర్చుండిరనుకొనుడు. బల్లపై కొన్ని కాగితములు, పెన్సిళ్లు, వింత యాకారములు గల పాచికలు ఉన్నవి. పేకముక్కలు లేవు, గళ్ల పలక లేదు, కాయలు లేవు. వారిలో పెద్దవాడు నెమ్మదిగా చెప్పుచున్నాడు.

"చీకటి పడినది. మీ యెదుట ఏఱు వరదతో పొంగుచున్నది. వంతెన సగము కూలినది. ఆవలి యొడ్డున నొక పల్లె కలదు. అక్కడ జ్వరముతో పడియున్నవారికి మీ చేతిలోని మందు తెల్లవాఱులోగా చేరవలెను. ఇప్పుడేమి చేయుదురు?"

"నేను నడుమునకు త్రాడు కట్టుకొని యీదెదను" అని యొక బాలుడనెను.

"తొందరపడకుము. నీవు ఇనుప కవచము తొడిగికొని యున్నావు. మునిగిపోయెదవు" అని బాలిక వారించెను.

"వంతెన స్తంభములు నిలిచియున్నవా?" అని మఱియొకడడిగెను.

"రెండు నిలిచియున్నవి. మూడవది కదలుచున్నది" అని పెద్దవాడు బదులు చెప్పెను.

నాలుగవ బాలుడు అంతవఱకు నోరు మెదపలేదు. తరగతిలో కూడ అతడంతే. ఉపాధ్యాయుడు పేరు పెట్టి పిలిచిననే గాని పలుకడు. అతడు తన కాగితమును రెండుసారులు చూచుకొని, "నా సంచిలో గొడ్డలి యున్నది. ఈ యొడ్డున పొడవైన చెట్టేదైన నున్నదా?" అని యడిగెను. అందఱును అతని వైపు తిరిగిరి. చెట్టు నఱకి, దూలముగా వేసి, స్తంభముమీదుగా దాటవచ్చునని వారికప్పుడు తోచెను.

"ఇరువది ముఖముల పాచిక వేయుము. పండ్రెండు గాని అంతకు మించి గాని పడినచో దూలము నిలుచును" అని పెద్దవాడు చెప్పెను. పాచిక బల్లపై దొర్లెను. నలుగురును ముందుకు వంగిరి.

ఆ గదిలో ఏఱు లేదు, చెట్టు లేదు, చీకటియు లేదు. అయినను ఆ నలుగురి కన్నులకు అవన్నియు కనబడుచునే యున్నవి. ఇట్టి యాటకు పాత్రధారణ క్రీడ యని పేరు. ఆడువారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను కల్పించుకొందురు. ఒకడు వీరుడు, ఒకతె వైద్యురాలు, ఇంకొకడు మంత్రవేత్త. ఆ పాత్ర బలమెంత, తెలివి యెంత, చేతనున్న సామగ్రి యేమి యను వివరములను కాగితముపై వ్రాసికొందురు. ఒకరు మాత్రము పాత్ర ధరింపక కథను నడపుదురు. ఆంగ్లములో అతనిని డంజన్ మాస్టర్ అందురు. తెలుగు నాటకములలోని సూత్రధారుడను పేరు అతనికి చక్కగా చెల్లును. లోకమును వర్ణించువాడు, నియమమును నిర్ణయించువాడు, ఎదురుపడు బాటసారులకును శత్రువులకును గొంతు నిచ్చువాడు అతడే.

పచ్చీసులో గాని, పులిమేకలో గాని ఒకరు గెలిచిన నొకరు ఓడవలెను. ఈ యాటలో అట్లు లేదు. అందఱును కలిసి యొక కార్యమును సాధింతురు, లేదా కలిసి విఫలులగుదురు. కార్యము ముగిసినను ఆట ముగియదు. వచ్చు వారము అదే పాత్రలతో మఱియొక కథ నడచును. ఏండ్ల తరబడి యొకే కథను నడపుకొనువారును గలరు. బొమ్మలపెండ్లి చేయు పిల్లలు "నీవు పెండ్లికొడుకు తల్లివి, నేను పెండ్లికూతురు తల్లిని" అనుకొని యాడుటకును దీనికిని దగ్గఱి చుట్టఱికమే కలదు. బొమ్మలపెండ్లిలో తగవు వచ్చినచో ఆట చెడును. ఇందు తగవు తీర్చుటకు నియమములును పాచికలును ఉన్నవి. భేదమంతియే.

ఈ యాట యొక్కనాడు పుట్టినది కాదు. జర్మనీలోని ప్రష్యా రాజ్యమున రైస్విట్స్ అనునతడు 1812లో యుద్ధవిద్య నేర్పుటకు బల్లపై నాడు ఆట నొకదానిని రాజునకు చూపెను. సైనికాధికారియైన అతని కుమారుడు దానిని మెఱుగుపఱచి 1824లో ప్రకటించెను. అందు ఇరుపక్షముల సేనానులును తమ యాజ్ఞలను వ్రాసి యియ్యగా, మధ్యవర్తి యొకడు ఫలితమును పాచికలతో నిర్ణయించి చెప్పెడివాడు. నేటి సూత్రధారునకు ఆ మధ్యవర్తియే పూర్వికుడు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంటిలో నాడుకొను యుద్ధక్రీడకు నియమములు వ్రాసి చిన్న పుస్తకముగా వెలువరించెను.

అమెరికాలోని మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరములలో యుద్ధక్రీడాప్రియుల బృందమొకటి యుండెను. 1969లో వారిలో డేవిడ్ వెస్లీ యనునతడు ఒక క్రొత్త పోకడ పోయెను. సేనలను నడపుటకు మాఱుగా ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషి పాత్ర నిచ్చెను. ఒకడు నగరాధ్యక్షుడు, మఱియొకడు విద్యార్థి నాయకుడు. ఆటగాండ్రు యుద్ధము మాట మఱచి మంతనములలోను బేరములలోను పడిరి. ఆట చెడిపోయినదని వెస్లీ విచారించెనట! ఆడినవారు మాత్రము అట్టిదే మఱల కావలెనని పట్టుపట్టిరి. ఆ బృందములోని డేవ్ ఆర్నెసన్ దానిని పెంచి, కోటలు, నేలమాళిగలు, మాయలు గల కల్పితదేశమును సృష్టించెను. విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జెనీవా యను చిన్న పట్టణమున గేరీ గైగాక్స్ అనువాడు నివసించుచుండెను. అతడు బీమా సంస్థలో కొలువు పోగొట్టుకొని, జోళ్లు బాగుచేయుచు కుటుంబమును పోషించుకొనుచుండెను. ఆర్నెసన్ తన యాటను అతనికి చూపెను. ఇరువురి కృషి ఫలితముగా 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడెను. ఆ పేరునకు నేలమాళిగలు, మహాసర్పములు అని యర్థము. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకములు. మొదట అచ్చయినవి 1000 ప్రతులు. తరువాత ఆ యిరువురికిని ప్రతిఫలము విషయమున వివాదము కలిగి న్యాయస్థానము దాక పోయిరి. కలిసి యాడు ఆటను కనిపెట్టినవారికి కలిసి యుండుట కుదురలేదు.

ఈ యాటలోని పాచికల కథ యెంతో రమ్యమైనది. మామూలు పాచికకు 6 ముఖములు. ఇందు 4, 8, 12, 20 ముఖములు గలవియు వాడుదురు. ముఖములన్నియు ఒకే కొలతగల సమాకృతులై, ప్రతి మూలయు ఒకే తీరుగనుండు ఘనములు ఈ యైదే. ఆఱవది యుండజాలదని ప్రాచీన గ్రీకు పండితుడు యూక్లిడ్ తన గ్రంథపు 13వ భాగమున నిరూపించెను. ఆట పుట్టిన దినములలో ఈ పాచికలు అంగళ్లలో దొరకెడివి కావు. బడులలో క్షేత్రగణితము చెప్పుటకు అమ్ముచుండిన బోధనోపకరణములను తెప్పించి ఆటగాండ్రకు అమ్మిరి. పాఠశాల సామగ్రియే ఆటవస్తువైనదన్నమాట.

ఆట నాడు బాలునకు గణితము తెలియకుండనే యలవడును. వంతెన సంగతియే చూడుడు. 20 ముఖముల పాచికపై 12 మొదలు 20 వఱకు గల యంకెలు 9. కావున దూలము నిలుచుటకు 20లో 9 పాళ్లు, అనగా నూటికి 45 పాళ్లు అవకాశము. బాలిక వచ్చి దూలము రెండవ కొన పట్టినచో సూత్రధారుడు పడిన యంకెకు 2 కలుపుమనెననుకొనుడు. అప్పుడు 10 పడినను చాలును. అవకాశము 20లో 11 పాళ్లగును, అనగా నూటికి 55. స్నేహితుని చేయి విలువ యెంతయో బాలుడు తన కాగితముపైననే లెక్క గట్టగలడు.

ఇంతకంటె చిత్రమైనది మూడు పాచికల లెక్క. తొలినాటి ఆటలో పాత్ర బలమును, తెలివిని నిర్ణయించుటకు 6 ముఖముల పాచికలను మూడింటిని వేసి మొత్తము తీసెడివారు. మూడు పాచికలు పడు విధములు 6ను 6తోను మరల 6తోను హెచ్చింపగా 216. వానిలో మొత్తము 18 వచ్చు విధము ఒక్కటియే. మొత్తము 10 వచ్చు విధములు 27. అందుచేతనే మహాబలుడు అరుదుగను, సామాన్యుడు తఱచుగను పుట్టుచుండును. ఇందొక చిక్కు కలదు. మొత్తము 9 అగుటకు అంకెల కూర్పులు ఆఱు. 10 అగుటకును ఆఱే. అట్లయినచో రెండును సమానముగా రావలదా? రావు. ఇటలీలోని జూదరులు ఈ సంగతిని గమనించిరి; కారణము మాత్రము వారికి తెలియలేదు. దానిని గెలీలియో వివరించెను. 3, 3, 3 అను కూర్పు ఒక్క విధముననే పడును. 1, 2, 6 అను కూర్పు ఏ పాచికపై ఏ యంకె పడునను భేదముచే ఆఱు విధముల పడును. అట్లు లెక్కించినచో 9కి 25 విధములు, 10కి 27 విధములు తేలును. నమ్మనివారు కాగితము తీసికొని తామే వ్రాసి చూచుకొనవచ్చును.

గణితముతోనే తీఱలేదు. నియమగ్రంథములు వందల పుటలు గలవి. బలవంతపెట్టిన పది పుటలు చదువని బాలుడు, తన పాత్ర గోడ నెట్లు ఎక్కగలదో తెలిసికొనుటకు ఆ పుటలను తిరుగవేయును. పటము గీయును; దూరములు కొలుచును; కోట యనగానేమి, అగడ్త యనగానేమి యని తెలిసికొనును. అన్నిటికంటె ముఖ్యమైనది మాట. ఈ యాటలో చేయి చేయు పని స్వల్పము, పనియంతయు నోటిదే. మనసులో నున్నదానిని ఎదుటివారికి తేటపడునట్లు చెప్పనిచో దూలమును వేయుటకు వీలు లేదు. ఇతరుల మాట పూర్తిగా వినక తన పంతమే పట్టువానితో కలిసి యాడువా రుండరు. డొమినికన్ దేశమునుండి వలస వచ్చి అమెరికాలో పెరిగిన జూనో డియాస్ 2008లో పులిట్జర్ బహుమానము పొందిన నవలాకారుడు. బాల్యమున ఈ యాట నాడుటయే తనకు కథనవిద్యలో తొలి శిక్షణయని అతడు చెప్పియున్నాడు. అట్లని ఆట నాడిన ప్రతివాడును నవలాకారుడగునని గాని, గణితమున నూటికి నూఱు తెచ్చుకొనునని గాని భ్రమపడరాదు. చదువు చదువే, ఆట దానికి రుచి పుట్టించును.

ఇట్టి యాటకు అయిదేండ్లు నిండునప్పటికే పెద్ద యపవాదు చుట్టుకొనెను. 1979 ఆగస్టులో మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునుండి 16 ఏండ్ల విద్యార్థి యొకడు కనబడకుండ పోయెను. అతడు అసాధారణ మేధావి. ఈడుకు మించిన తరగతిలో, తనకంటె పెద్దవారి నడుమ చదువుచుండెను. తల్లిదండ్రులు ఒక ప్రైవేటు డిటెక్టివును నియమించిరి. బాలుడు ఈ యాట నాడెడివాడని తెలిసినంతనే, విశ్వవిద్యాలయము క్రిందనున్న ఆవిరిగొట్టముల సొరంగములలో ఆట నాడుచు తప్పిపోయియుండునని డిటెక్టివు ఊహించెను. అది ఊహ మాత్రమే. అయినను పత్రికలకు అంతే చాలినది. బాలుని మ్రింగిన యాట యని దేశమంతట చాటిరి.

సుమారు నెల దినములకు బాలుడు దూరమందున్న లూయిజియానా రాష్ట్రమున దొరకెను. అతడు సొరంగములలోనికి పోయినమాట నిజమే కాని ఆట కొఱకు పోలేదు. బ్రతుకుపై విసిగి పోయెను. మఱుసటి యేడు అతడు ప్రాణత్యాగము చేసికొనెను. ఆ డిటెక్టివే 1984లో వ్రాసిన పుస్తకమున నిజము బయటపెట్టెను. ఒంటరితనము, చదువు వత్తిడి, మత్తు పదార్థముల యలవాటు ఆ బాలుని క్రుంగదీసినవే కాని ఆట కాదు. అప్పటికి ఆలస్యమైనది. 1981లో ఆ వార్తల నాధారముగా గొని రోనా జాఫె యను రచయిత్రి యొక నవల వ్రాసెను. 1982లో అది టెలివిజను చిత్రముగా వచ్చెను. ఆట నాడినవాడు మతి చలించి కల్పననే నిజమని నమ్మునని జనుల మనసులలో నాటుకొనెను.

అదే 1982లో వర్జీనియా రాష్ట్రమున మఱియొక బాలుడు ప్రాణము తీసికొనెను. బడిలో ఆడిన ఈ యాటయే అందులకు కారణమని అతని తల్లి నమ్మెను. ప్రధానోపాధ్యాయునిపై అభియోగము తెచ్చెను. న్యాయస్థానము దానిని త్రోసివేసెను. 1983లో ఆమె ఈ యాటకు వ్యతిరేకముగా ఒక సంఘమును స్థాపించి ఊరూర ప్రచారము చేసెను. 1985లో టెలివిజనులోని పేరుగన్న కార్యక్రమమొకటి ఈ వివాదమును దేశమంతకును చూపెను. ఆటలోని మంత్రములు నిజమైన క్షుద్రవిద్యలనియు, భూతములను పిలుచుట నేర్పుచున్నదనియు పలువురు బోధించిరి. కొన్ని బడులలో ఆటను మాన్పించిరి. ఆ తల్లిని నిందించుట తగదు. బిడ్డను పోగొట్టుకొన్న గుండె ఏదో యొక కారణమును వెదకుకొనును. ఆ గుండెకోతను సాక్ష్యముగా నెంచి నిర్ణయములు చేసినవారిది మాత్రము తప్పు.

సాక్ష్యమనగా నేమి? ఒక పట్టణమున నూఱుగురికి జబ్బు చేసినది. విచారింపగా నూఱుగురును అన్నము తిన్నవారే. అంతమాత్రమున అన్నమే జబ్బునకు కారణమనవచ్చునా? అన్నము తిని సుఖముగానున్న తక్కిన పట్టణమును గూడ లెక్కింపవలదా? ఆనాటికి అమెరికాలో ఈ యాట నాడు పిల్లలు లక్షలకొలది యుండిరి. అంతమందిలో కొందఱికి దుఃఖమును, వ్యాధియు, అకాలమృత్యువును ప్రాప్తించుట దురదృష్టవశమున సహజమే. ఆట నాడనివారిలో కంటె ఆడువారిలో అవి యెక్కువా యన్నదే అడుగవలసిన ప్రశ్న. రచయితయు, ఆటల రూపకర్తయునైన మైకేల్ స్టాక్‌పోల్ 1990లో ప్రకటించిన నివేదికలో ఈ తర్కముననే ఆ సంఘపు వాదములను ఒక్కొక్కటిగా విప్పి చూపెను. అంతకు ముందే, 1987లో, ఆటతో పరిచయము పెరిగినకొలది మనస్స్థైర్యము తఱుగునా యని మనస్తత్వశాస్త్రజ్ఞుడొకడు ఆటగాండ్రను పరీక్షించెను. అట్టి సంబంధమేదియు కనబడలేదు. 1998లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలోను ఆడువారికిని ఇతరులకును స్వభావమున చెప్పదగిన భేదము తేలలేదు.

ఇక మంత్రముల సంగతి. ఆటలో మంత్రమనగా పుస్తకములోని యొక పేరా: ఎన్ని పాచికలు వేయవలెను, ఎంత దూరము పనిచేయును, మఱల ఎప్పుడు వాడవచ్చును అని యుండును. దానిని ఎలుగెత్తి చదివినను ఇంటి పిల్లి కూడ బెదరదు. రాత్రి వీధినాటకమున రావణ వేషము కట్టి పది తలలతో గర్జించినవాడు తెల్లవాఱగనే రంగు కడుగుకొని పొలమునకు పోవును. చూచినవారును అతనిని సీత నెత్తుకొనిపోయినవాడని పట్టుకొనరు. ఊహకును భ్రమకును గల యెడము పల్లెటూరి పసివానికి కూడ తెలియును. అయినను ప్రకాశకులు నిందకు వెఱచి 1989 నాటి కూర్పులో దయ్యములకు క్రొత్త పేర్లు పెట్టిరి. దయ్యములు అవే, పేర్లు మాత్రము ఎవరికిని అర్థముగానివి. కొన్నేండ్లకు పాతపేర్లు తిరిగి వచ్చినవి.

క్రొత్త వినోదమునకు పెద్దలు వెఱచుట ఇది మొదటిసారి కాదు. నవలలు యువతుల మనసు చెఱచునని ఐరోపాలో ఒకనాడు వాదించిరి. బొమ్మల కథల పుస్తకములు బాలురను నేరస్థులుగా మార్చునని 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అను అమెరికా వైద్యుడు పెద్ద గ్రంథమే వ్రాసెను. అట్లని పెద్దల జాగ్రత్త యంతయు వ్యర్థమనరాదు. రాత్రి తెల్లవార్లు ఆడి మఱునాడు తరగతిలో కునుకు తీయు బాలుని మందలింపవలసినదే. సూత్రధారుడు పక్షపాతియైనను, ఆటగాండ్రు కథ మఱుగున తోటివానిని హేళన చేసినను ఆట చెడును. కాని ఇవి చదరంగమునకును, క్రికెట్టునకును ఉన్న దోషములే. ఈ యాటపై పడిన భయము వలన కలిగిన కీడు మఱియొకటి. 1979లో అందఱి చూపును ఆ పాచికలమీదనే నిలిచెను. పదునాఱేండ్ల బాలుడు ఎవరితో కూర్చుండి భోజనము చేయుచుండెను, ఎవరితో మనసిచ్చి మాటాడుచుండెను అని విచారించినవారు ఎందఱు?

నింద కొన్ని చోట్ల చాలకాలము నిలిచెను. ఆట పుట్టిన విస్కాన్సిన్ రాష్ట్రముననే, వాపన్ చెఱసాలయందు 2004లో అధికారులు దీనిని నిషేధించిరి. ముఠాలు ఏర్పడునని వారి భయము. ఖైదీ యొకడు తాను వ్రాసికొన్న 96 పుటల కథను కోల్పోయి న్యాయస్థానమున కెక్కెను. 2010లో పై న్యాయస్థానము అధికారుల పక్షమే తీర్పు చెప్పెను. ఆట వలన కీడు కలిగినదని ఆ తీర్పు చెప్పలేదు; చెఱసాల భద్రత విషయమున అధికారుల భయము హేతువునకు పొసగియున్నచో చాలునని, దానికి జరిగిన కీడు నిదర్శనముగా నక్కఱలేదని మాత్రమే చెప్పెను.

బయటి లోకమున గాలి మాఱినది. గైగాక్స్ 2008లోను, ఆర్నెసన్ 2009లోను కన్నుమూసిరి. నేడు గ్రంథాలయములు, పాఠశాలలు ఈ యాటకు బల్లలు వేయుచున్నవి. నలుగురిలో కలియుటకు జంకు బాలబాలికలను చిన్న బృందములుగా కూర్చి, ఈ యాట ద్వారమున మాట కలుప నేర్పు మానసిక వైద్యులును గలరు. ఒకనాడు ఒంటరితనమును కలిగించునని నింద మోసిన యాటనే ఒంటరితనమునకు మందుగా వాడుచున్నారు. ఆటకు 50 ఏండ్లు నిండిన సందర్భమున 2024లో అమెరికా తపాలా శాఖ దాని చిత్రములతో తపాలాబిళ్లలు వెలువరించెను. ఒకప్పుడు ఈ యాటను మాన్పింపుడని తల్లిదండ్రులు బడులకు వ్రాసిన యుత్తరములను మోసినదియు ఆ శాఖయే.